విన్నావా?

చాప కప్పగానే ముందు చూపు పోయింది, తర్వాత గాలి, ఆ తర్వాత తానూ ఒక మనిషినేనన్న పొగరు. మిగిలినవి చెవులు. సెఫో ఇంటి ముందు కంకర నేల మీద మోకాళ్లూని, నడుం వంచి, నుదురు నేలకి ఆనీ ఆనకుండా కూర్చున్న మానాసెకి ఇప్పుడు చెవులు తప్ప ఏమీ లేవు. చెవులుండీ వినని మనిషికి దేవుడు వెతికి వెతికి వేసిన శిక్ష ఇదే కాబోలు. తెలతెలవారుతుండగా వచ్చారు. పినతండ్రి పౌలో, ఇంటి మగవాళ్లు మరికొందరు, వెనకాల తలలు దించుకుని కూర్చున్నారు. చాప కింద మానాసె ఒక్కడే. ముందర నాలుగు పొయ్యిరాళ్లు, ఓ కట్టెల మోపు పెట్టారు, ఈ దీవుల్లో తాతలనాటి పద్ధతి: మమ్మల్ని కాల్చుకుంటారో కడుపులో పెట్టుకుంటారో మీ చేతుల్లో ఉంది అని. ఇంటివాళ్లు వచ్చి చాప తీస్తే క్షమించినట్టు. తీయకపోతే పొద్దు గూకేదాకా ఇలాగే పడి ఉండి లేచి పోవాలి, ఆ తర్వాత రెండు ఊళ్ల మధ్య ఏం జరిగినా ఎందుకని అడిగే నోరుండదు. తీసేదాకా కదలకూడదు, మాట్లాడకూడదు. కడుపులో పెట్టుకోండి. ఎవర్ని అడుగుతున్నాం ఆ మాట? కడుపు ఖాళీ అయిపోయిన ఇంటిని. చాప కప్పకముందు ఒక్క క్షణం కళ్లెత్తితే కనిపించింది, గుమ్మానికి పక్కగా, తాతముత్తాతల సమాధుల వరసలో, కొత్తగా పోసిన తెల్లటి సముద్రపు రాళ్ల కుప్ప, జానెడంత, పిల్లలు ఆడుకుంటూ పేర్చి వదిలేసినట్టుంది. సెఫోకి, లగికి అదే తొలి బిడ్డ. ఊపిరి లేకుండా పుట్టింది. ఆస్పత్రికి తీసుకెళ్తుంటే దారిలో బండి ఆపేశారు కాబట్టి. ఆపింది మానాసె కొడుకు, పదిహేనేళ్ల ఇయోనా. ఊరంతా అదే అంటోంది, ఆపింది ఇయోనా అని, మానాసె కూడా కాదనలేదు.

చాపకి ఒక వాసన ఉంది. కొబ్బరినూనె, పరుపు కింద ఏళ్ల తరబడి నలిగిన గుడ్డల వాసన, అత్తగారి వాసన. మొగలాకుని దారమంత సన్నగా చీల్చి, సముద్రపు నీళ్లలో నానబెట్టి, ఎండబెట్టి, పట్టుగుడ్డలా మెత్తగా అయ్యేదాకా నేసింది ఆవిడ. నేసి నేసి ఒక కన్ను పోగొట్టుకుంది, అంచున ఎర్ర ఈకలు కుట్టేనాటికి రెండోది కూడా మసకబారింది. మనవరాలి పెళ్లికి అని చెప్పి పోయింది. ఆ మనవరాలు మసీనాకి ఇప్పుడు ఐదేళ్లు, ముందరి పళ్లు ఊడి ఉన్నాయి. నిన్న పొద్దున రూత ఎవరూ అడక్కుండానే పరుపెత్తి ఈ చాప తీసింది, దులిపింది, మడిచింది, మొగుడి ఒళ్లో పెట్టింది. అప్పుడు అంది, ఈ నాలుగు రోజుల్లో ఆవిడ అన్నది ఆ ఒక్క మాటే: "నువ్వు చెయ్యి ఎత్తావు. నేను కళ్లు తెరిచి చూశాను." అంతే. తిట్టలేదు, ఏడవలేదు. తిడితే బావుండేది. తిట్టే ఆడదాని ముందు మగవాడికి ఎక్కడో ఒకచోట కాలూనుకునే జాగా దొరుకుతుంది, మాట తగలగానే మాట విసరొచ్చు, నువ్వు చూసి మాత్రం ఏం చేశావే అని అనొచ్చు. ఆ మాట నోటిదాకా వచ్చింది కూడా. కానీ ఆవిడ అప్పటికే వంటపాక వైపు వెళ్లిపోయింది, ఆవిడ వీపు ఆ మాట కూడా ముందే విన్నట్టుంది.

చెయ్యి. కుడి చెయ్యి. ఇప్పుడు దాన్ని మోకాలి కింద పెట్టుకుని తన బరువంతా దాని మీద వేశాడు, కంకర అరచేతిలోకి దిగుతోంది, దిగనీ.

ఇంటి వెనక ఎక్కడో చరచరమని ఇనుము గీరిన చప్పుడు. ఆగింది. మళ్లీ. కత్తి నూరుతున్నారు. ఇలాంటి పొద్దుటిపూట కోపం పట్టలేక ఎవరైనా కత్తితో వచ్చినా తప్పు పట్టేవాడు లేడు, తన చిన్నప్పుడు అలా ఒకరి భుజం నరికారని చెప్పుకునేవారు. సెఫో కుర్రాడు, నెత్తురు ఉడుకుతూ ఉంటుంది. మానాసె కళ్లు మూసుకున్నాడు, మూసుకున్నా తెరిచినా ఒకటే చీకటి, వస్తే రానీ అనుకున్నాడు, ఒక దెబ్బతో తెగిపోతుంది కదా లెక్క, మెడ ఇంకాస్త వంచి ఇచ్చాడు కూడా. అప్పుడు వాసన వచ్చింది, పచ్చికొబ్బరి వాసన. కొబ్బరి కోరుతున్నారు. అంతే. ఎవరో పొద్దుటి వంట మొదలెట్టారు. చాప బయట లోకం ఎప్పట్లాగే ఉంది, కోళ్లు కూస్తున్నాయి, ఎవరో ఆడమనిషి రాలిన సీమపనస ఆకులు ఊడుస్తోంది, చీపురు కంకర మీద వస్తూ పోతూ ఉంది, ఎక్కడో పసిపిల్ల ఏడుపు, అది వేరే ఇంట్లో, చాలా దూరంలో. మానాసెకి నిరాశ లాంటిది కలిగింది. చంపుతారేమో అనుకున్నవాళ్లు కొబ్బరి కోరుకుంటున్నారు, తనని ఓ రాయి కింద, ఓ కట్టె కింద కూడా జమ కట్టకుండా.

"ఒరే, ఎవర్రా ఆ చాప కింద?" రోడ్డు మీంచి ఎవడో కుర్రాడు.

"ఇంకెవరు, ఇల్లు కాలినా నోరు తెరవని కొడుకుని కన్న మహానుభావుడు."

"మరి కొడుకేడి?"

"ఇంట్లో ఉంటాడు. కూర్చోమన్నారుగా, లెమ్మనేదాకా లేవడు. ఒంటికి పోవాలన్నా చీటీ కావాలి."

నవ్వులు. ఒక ముసలావిడ గొంతు, సెఫో తల్లి ఫువతినో అయి ఉండాలి, చీపురు ఆపి కసిరింది: "పొండ్రా వెధవల్లారా, పోయి పొయ్యి దగ్గర రాళ్లు పేర్చండి. మీకు నవ్వులాటగా ఉందా? లోపల పిల్ల పడుకుంది." చీపురు మళ్లీ మొదలైంది. లోపల పిల్ల పడుకుంది అంటే లగి. ఆస్పత్రి నుంచి తెచ్చేశారన్నమాట. గోడల్లేని ఇల్లు, నాలుగు వైపులా కొబ్బరాకు తడకలు, ఆ తడక వెనకే పడుకుని ఉంటుంది, పది అడుగుల దూరం ఉంటుందేమో. తను ఊపిరి పీల్చడం ఆవిడకి వినిపిస్తుందేమో. మానాసె ఊపిరి చిన్నగా పీల్చసాగాడు.

ఇల్లు కాలినా నోరు తెరవని కొడుకు. ఆ మాట పక్క ఊరిదాకా వచ్చిందంటే తెచ్చింది ఎవరు? తనే. మత్తెక్కించే కవా పానీయం గిన్నె చుట్టూ కూర్చున్న ప్రతిచోటా, చర్చి గోడకి సున్నం కొట్టేటప్పుడు, చేమదుంపల మూటలు ఓడకెక్కించేటప్పుడు, ఎక్కడ నలుగురు పోగైతే అక్కడ చెప్పాడు. మీ పిల్లలు మాట వినరా? మావాడి సంగతి చెప్తా వినండి. అప్పుడు ఇయోనాకి ఆరేళ్లు. సాయంత్రం ప్రార్థన మధ్యలో వాడు "నాన్నా, పొగ" అన్నాడు. ప్రార్థనలో నోరు తెరుస్తావా అని కళ్లు తెరవకుండానే మూతి మీద ఒకటి ఇచ్చాడు. వాడు మళ్లీ మాట్లాడలేదు. ఆమెన్ అని లేచి చూస్తే వంటపాక కప్పు సగం కాలిపోయింది, వాడు దానికేసే చూస్తూ కూర్చున్నాడు, కళ్లలో మంట కనిపిస్తోంది, పెదవి చిట్లి నెత్తురు గడ్డం మీదికి కారుతోంది, చేతులు మాత్రం కట్టుకునే ఉన్నాయి. ఈ కథలో నెత్తురు సంగతి మానాసె ఎప్పుడూ చెప్పేవాడు కాదు. కప్పు కాలడం చెప్పేవాడు, చేతులు కట్టుకోవడం చెప్పేవాడు, చెప్పి, "అదిరా పెంపకమంటే" అనేవాడు, అందరూ తొడలు చరుచుకుని నవ్వేవాళ్లు. పాస్టరు గారు ఒకసారి దాన్ని ఆదివారం ప్రసంగంలో కూడా వాడుకున్నారు. ఆ రోజు ఇయోనా ముందు వరసలో తల వంచుకుని కూర్చున్నాడు, వాడి మెడ ఎర్రబడింది, సిగ్గేమో అనుకున్నాడు తను, పొగడ్తకి పిల్లలు సిగ్గుపడతారు కదా. ఆ తర్వాత తొమ్మిదేళ్లలో వాడు ప్రార్థనలో నోరు తెరిచింది ఒకేసారి. తెరిచింది కూడా కాదు, సగం తెరిచాడు.

విన్నావా? వాడితో తను ఎక్కువసార్లు అన్న మాట ఏదీ అంటే ఇదే అయ్యుంటుంది, వాడి పేరు కంటే ఎక్కువసార్లు. పెద్దలకి చేతులు కడుక్కోడానికి గిన్నె పట్టాలి, విన్నావా? వాళ్లు తింటుంటే ఈగలు వాలకుండా విసరాలి, అందరూ తిన్నాకే నువ్వు, విన్నావా? కూర్చున్న పెద్దల ముందు నిలబడి మాట్లాడకూడదు, నడుస్తూ తినకూడదు, ఎదురు చెప్పకూడదు, విన్నావా? విన్నాను నాన్నా. తన నాన్న తనకి ఇదే చేశాడు. బడిలో లెక్కలు బాగా చేస్తున్న పిల్లవాణ్ణి ఒక పొద్దున చెయ్యి పట్టుకుని తోటకి తీసుకెళ్లి చేతిలో గునపం పెట్టి, ఇక బడి వద్దు, విన్నావా అన్నాడు, విన్నాడు మానాసె, ఆ రోజు నుంచి వింటూనే ఉన్నాడు, ఆయన పోయి పన్నెండేళ్లయినా వింటూనే ఉన్నాడు. వినడం అంటే లొంగడం అని ఈ ఇంట్లో ఎవరూ విడదీసి చెప్పలేదు, రెండూ ఒకే మాట, రెంటికీ ఒకటే తలూపడం. అయితే వాడికి ఇంకొకటి కూడా ఉంది, అది తను ఇచ్చింది కాదు. గాలివానకి రాలిపడిన గబ్బిలం పిల్లని చొక్కాలో దాచుకుని పండిన బొప్పాయి నమిలి నోటికందించేవాడు. తన వంతు చేప ముక్క మసీనా కంచంలోకి ఎలా జారుస్తాడో ఎవరికీ కనిపించదు. ముసలి పొరుగావిడ తడిబట్టల బుట్ట మోసుకొస్తుంటే ఎవరూ చెప్పకుండా ఎదురెళ్లేవాడు. ఆ జాలి వాడికి ఎక్కణ్ణించి వచ్చిందో మానాసెకి తెలీదు, రూత వైపు నుంచి అయ్యుంటుంది. భయం మాత్రం తానిచ్చిందే. బాధ్యత అనుకుని ఇచ్చాడు. ఆ సాయంత్రం రోడ్డు మీద వాడిలో ఆ రెండూ కొట్టుకున్నాయి, ఏది గెలవాలో తన చెయ్యి చెప్పింది.

మెడ మీద చెమట. పొద్దెక్కినట్టుంది, చాప అల్లికలో సూదిమొనలంత వెలుగు చుక్కలు పడుతున్నాయి. మోకాళ్లు మోకాళ్లుగా ఎప్పుడో ఆగిపోయాయి. వెనక పౌలో బాబాయి దగ్గుతున్నాడు, పాపం ముసలివాడు, ఉత్త నేల మీద. ఆయన ఏం మాట్లాడాలో నిన్ననే అనుకున్నారు. చాప తీశాక పెద్దమాట ఆయనది: పిల్లవాడు అయ్యా, లోకజ్ఞానం లేదు, చెప్పింది చెప్పినట్టు చేస్తాడు గాని బుర్ర వాడడు, వాడి తెలివితక్కువని మా నెత్తిన వేసుకుని వచ్చాం. ఊరి పెద్దల సభలో కూడా ఇదే అన్నారు. "ప్రార్థన వేళ రోడ్డు ఆపమన్నాం గాని నొప్పులు పడుతున్న మనిషిని ఆపమన్నామా? ఆపాటి ఇంగితం ఉండొద్దూ?" అని ఒకాయన. "దూడని కాపలా పెడితే అంతే మరి" అని ఇంకొకాయన. ఇన్నాళ్లూ వంటపాక కథకి తొడలు చరుచుకున్నవాళ్లే. ఇయోనా బయట వాననీళ్ల తొట్టి పక్కన నిలబడి ఉన్నాడు, వాడికి అన్నీ వినిపిస్తున్నాయి. వాడు నోరు తెరిచి, నేను మా నాన్న దగ్గరికి వెళ్లి అడగబోయాను అని ఒక్క మాట అంటే చాలు. అనలేదు. మానాసె స్తంభానికి ఆనుకుని కూర్చుని, వాడు అంటాడేమోనని భయపడుతూ, అనకపోతే ఊపిరి తీసుకుంటూ, ఆ ఊపిరికి తన మీద తనకే ఉమ్మెయ్యాలనిపిస్తూ, నోరు మాత్రం తెరవలేదు. ఇల్లు కాలినా నోరు తెరవని మనిషి ఎవరో దేవుడికి తెలుసు.

ఆ సాయంత్రం ప్రార్థన శంఖం ఊదకముందు వాడి నడుముకి లుంగీ తనే బిగించి కట్టాడు. కాపలా కుర్రాళ్లలో చేర్చుకున్న తొలివారం, తెల్లచొక్కా, తలకి నూనె, వాడి కళ్లలో కొంచెం గర్వం. తోటలో కొట్టుకొచ్చిన పచ్చవెదురు, రోడ్డుకి అడ్డంగా వేసింది. "శంఖం ఊదాక మళ్లీ ఊదేదాకా చీమ కూడా దాటకూడదు. ఎవరొచ్చినా సరే. మంత్రిగారొచ్చినా, పాస్టరు గారి పెళ్లామొచ్చినా. విన్నావా?" "విన్నాను నాన్నా." ఇంట్లోకి వచ్చి కూర్చున్నాడు, రూత దీపం పెట్టింది, కీర్తన ఎత్తుకున్నారు. రెండో చరణంలో బండి ఆగిన చప్పుడు, టైర్లు కంకరని చిమ్మిన చప్పుడు, తర్వాత హారను, ఒక్కసారి కాదు, ఆపకుండా. తర్వాత మగగొంతు. తమ్ముడూ తియ్యరా, నీ కాళ్లు మొక్కుతాను తియ్యరా. విన్నాడా? విన్నాడు. ఇప్పుడు ఈ చాప కింద ఎవరితో అబద్ధం చెప్తాడు, విన్నాడు, ప్రతి ముక్కా. ఆ గొంతు కింద ఇంకో గొంతు, మాటలు లేనిది, ట్రక్కు వెనక భాగంలో పడుకున్న ఆడమనిషిది. అది కూడా విన్నాడు. మసీనా పాట మధ్యలో "నాన్నా, ఆవిడ ఎందుకలా..." అంటుండగా రూత దాని నోరు మూసింది. ఊళ్లో ప్రతి ఇంట్లో విని ఉంటారు, ప్రతి ఇల్లూ గొంతు పెంచింది, ఎవరికి వాళ్లు ఇంకొకరు లేస్తారులే అనుకున్నారు. కానీ రోడ్డుకి ముందున్న ఇల్లు తనది, వెదురు తనది, పిల్లాడు తనవాడు. మానాసెకి వచ్చింది కోపం. తన ప్రార్థన పాడుచేస్తున్నారని. పక్క ఊరివాళ్లకి ఎప్పుడూ తన ఊరి కట్టుబాటంటే లెక్కలేదని. పరిగెత్తుకొచ్చిన అడుగులు ఇంటి మూల స్తంభం దగ్గర ఆగాయి, బొటనవేళ్ల మీద, లోపలికి రాకుండా, నేర్పినట్టుగా. "నాన్నా" అన్నాడు వాడు. పొగ అన్నప్పటి గొంతే, తొమ్మిదేళ్లలో ఏమీ ఎదగని గొంతు. కళ్లు తెరవకుండానే మానాసె చెయ్యి ఎత్తాడు. ఐదు వేళ్లూ చాపి. అంటే ఆగు అని, నోరు ముయ్యి అని, పో అని. వాడు ఆగాడు. కొంచెంసేపు వాడి రొప్పు వినిపించింది. తర్వాత అడుగులు వెనక్కి వెళ్లాయి, ఈసారి పరిగెత్తలేదు.

అక్కడితో అయితే ఇంకా ఏదో చెప్పుకోవచ్చు. కట్టుబాటు అనొచ్చు, అలవాటు అనొచ్చు. ఎవరికీ తెలియనిది, రూతకి తప్ప ఎవరికీ తెలియనిది, ఆ తర్వాతది. కీర్తన అయ్యాక రెండు ముక్కలు చెప్పి ఆమెన్ అనేవాడు మామూలుగా, పొయ్యి మీద కూర చల్లారిపోతుందని. ఆ సాయంత్రం, రోడ్డు తెరిచే శంఖం తన ఆమెన్ తర్వాతే ఊదుతారని తెలిసీ, సాగదీశాడు. బయట హారను మోగేకొద్దీ సాగదీశాడు. ఊరి కోసం, పాస్టరు గారి కోసం, సముద్రం మీద ఉన్నవాళ్ల కోసం, రోగుల కోసం, అవును రోగుల కోసం, గర్భవతుల కోసం, పిల్లల్ని బాధ్యతగలవాళ్లుగా పెంచే తల్లిదండ్రుల కోసం. దేవుడికి కాదు, రోడ్డు మీది వాళ్లకి వినిపించాలని గట్టిగా. ఎవరి పంతం నెగ్గుతుందో చూద్దామని. ఆమెన్ అన్నాక శంఖం, వెదురు లేచిన చప్పుడు, బండి పోయిన చప్పుడు. కొడుకు లోపలికి వచ్చి గిన్నె పట్టాడు, చేతుల మీద నీళ్లు పోశాడు, నీళ్లు గిన్నెలో పడకుండా నేల మీద పడుతుంటే తను తిట్టలేదు. విసనకర్ర తీసుకుని విసిరాడు వాడు. అందరూ తిన్నాక తను, "బాగా నిలబడ్డావురా" అని, తన కంచంలోంచి డబ్బా మాంసం ముక్క, మంచిది, కొవ్వున్నది, తీసి వాడికి పెట్టాడు. వాడు తిన్నాడు. పెట్టింది తినాలి కదా. కాసేపటికి వంటపాక వెనక కక్కుకుంటున్న చప్పుడు. అది కూడా విన్నాడు. అజీర్తి అనుకున్నాడు. వినిపించిన ప్రతిదానికీ తను ఒక పేరు పెట్టి పక్కన పడేస్తూ వచ్చాడు, హారనుకి పొగరని, ఏడుపుకి అల్లరని, కక్కుకి అజీర్తని. మర్నాడు ఆస్పత్రి నుంచి కబురు వచ్చేదాకా. డాక్టరు ఇంకాస్త ముందు తెచ్చుంటే అని మొదలుపెట్టి, సెఫో మొహం చూసి ఆపేశాడట.

చీపురు చప్పుడు దగ్గరికొచ్చింది. చాప అంచు దాకా వచ్చి, ఆగి, చాపని చుట్టి ఊడ్చుకుంటూ పోయింది. పెద్దావిడ తనని ఒక మొద్దుని ఊడ్చినట్టు ఊడ్చింది. ఆవిడ ఏడుపు చీపురు చప్పుడులో కలిసి ఉందా, లేక అది తన చెవుల హోరా. నీళ్లు, నీళ్లు కావాలనిపించింది. ఇంట్లో ఇయోనా ఏం చేస్తుంటాడు? బయల్దేరేముందు వాడు గుమ్మం దగ్గర నిలబడి, వస్తాను అన్నట్టు ఒక అడుగు ముందుకేశాడు. "ఇంట్లో ఉండు. నేను వచ్చేదాకా కదలకు. విన్నావా?" అన్నాడు, మళ్లీ ఆ మాటే, ఇంత జరిగాక కూడా నోట్లోంచి అదే వచ్చింది, వాడు తలూపాడు. పిల్లాణ్ణి కాపాడ్డానికే కదా, కత్తులుంటాయేమో అని కదా అని తనకి తను చెప్పుకున్నాడు. నిజం వేరు. చాప తీశాక సెఫో వాడి కళ్లలోకి చూసి ఏం జరిగిందిరా అని అడిగితే? వాడికి అబద్ధం చెప్పడం నేర్పలేదు. ఆ ఒక్కటీ నేర్పలేదు. కూర్చుని ఉంటాడు ఇప్పుడు, కదలకుండా, చేతులు కట్టుకుని, ఎదురుగా ఏం కాలుతున్నా చూస్తూ. జీవితమంతా కూర్చుంటాడు. రేపు వాడికి పిల్లలు పుడితే, పొగ అంటే, మూతి మీద...

అడుగులు. రోడ్డు వైపు నుంచి. ఉత్త కాళ్లు, కంకర మీద తడబడుతూ. వెనక మగవాళ్లలో చిన్న కలకలం, పౌలో బాబాయి గొంతు అణిచి, "ఏయ్, ఎక్కడికిరా? వెళ్లు, ఇంటికెళ్లు" అనడం. అడుగులు ఆగలేదు. చాప పక్క అంచు లేచింది, వెలుగు ఒక్కసారి కంట్లో పొడిచి పోయింది, పక్కన ఒక ఒళ్లు వచ్చి చేరింది, చెమట, పొయ్యి పొగ, సముద్రపు ఉప్పు, ఒకటే రొప్పు. ఆ రొప్పు తెలుసు. మూల స్తంభం దగ్గర విన్నది.

"ఇంట్లో ఉండమన్నాను కదరా," అన్నాడు మానాసె పెదాలు కదలకుండా. "విన్లేదా?"

"విన్నాను నాన్నా." కాసేపు రొప్పు. "విన్నాను. వచ్చేశాను."

పుట్టాక వాడు మాట తప్పడం ఇదే మొదలు. కోపం వస్తుందని మానాసె ఎదురు చూశాడు, రాలేదు. వాడి భుజం తన భుజానికి తగులుతోంది. ఎంత ఎత్తయ్యాడు, వంగి కూర్చుంటే కూడా తన భుజానికి భుజం. ఎప్పుడయ్యాడు?

"ఆ రోజు," అన్నాడు వాడు, గుసగుసగా, నేలకేసి, "నీకొకటి చెప్పాలని వచ్చాను."

చాప కింద మాట్లాడకూడదు. మాట్లాడితే కింద పెట్టిన రాళ్లకీ కట్టెలకీ అర్థం లేదు, వచ్చిన పని చెడిపోతుంది, వెనక ఇంతమంది పెద్దలు. మానాసె మోకాలి కింద నుంచి కుడి చెయ్యి లాగాడు. అది మొద్దుబారి ఉంది, కంకర గుర్తులతో, ఎవరి చెయ్యో అన్నట్టు. దాన్ని ఎత్తలేదు. వాడి చేతి మీద పెట్టాడు.

"చెప్పు."

"నాన్నా, బయట ఒకావిడ నొప్పులు పడుతోంది. చాలా... చాలా అరుస్తోంది నాన్నా. వెదురు తీసెయ్యనా?"

చీపురు ఆగింది. కొబ్బరి కోరడం ఆగింది. తడక వెనక ఏదో కదిలింది.

"తీసెయ్యి," అన్నాడు మానాసె. గుసగుసగా అనలేదు. "తీసెయ్యరా. తీసెయ్యి. వెళ్లు, పరిగెత్తు, తీసెయ్యి." ఎన్నిసార్లన్నాడో తెలియలేదు, గొంతు పగిలి, కీర్తన పాడినంత గట్టిగా, ఊరి చివరిదాకా వినిపించేటట్టు, ఎవరికి వినపడాలో వాళ్లకి తప్ప అందరికీ వినిపించేటట్టు. ఇప్పుడిక పౌలో బాబాయి చెప్పబోయే పెద్దమాటకి పని లేదు. ఎవరు ఎవర్ని అడిగారో, ఎవరు ఏం చెప్పలేదో, గోడల్లేని ఇంట్లోకి అంతా వెళ్లిపోయింది.

చాలాసేపటికి అడుగులు. మగవాడివి, బరువుగా, దగ్గరికొచ్చి ఆగాయి. సెఫో. వాడి ఊపిరి వినిపిస్తోంది, ముక్కుతో, ఎద్దులా. వాడి వెనక ఇంకో జత అడుగులు, ఈడ్చుకుంటూ, రెండడుగులకోసారి ఆగుతూ. నీరసంగా ఉన్న ఆడమనిషి నడక.

"ఆ పిల్లాణ్ణి బయటికి తియ్యి," అంది లగి.

"పిల్లాడేనే ఆపింది," అన్నాడు సెఫో.

"నాకు తెలుసు ఎవరు ఆపారో. ఇప్పుడే కదా విన్నాం. ఊపిరాడదు వాడికి. తియ్యి."

అంచు లేచింది, ఇయోనా వైపు అంచు. చాప సగానికి మడిచారు, ఎర్ర ఈకలు గరగరలాడాయి, ఆ మడత మానాసె వీపు మీదికి వచ్చి పడింది, ఇప్పుడు ఒకటి కాదు రెండు పొరలు. పక్కన భుజం దగ్గర వెచ్చగా ఉన్నచోట ఎండా గాలీ తగిలాయి. వాడు లేవలేదు. నేర్పిన పిల్లాడు కదా. "నాన్నా?" అన్నాడు.

"నన్నడక్కు," అన్నాడు మానాసె.

తర్వాత మోకాళ్లు కంకర మీంచి లేచిన చప్పుడు, కీళ్లు టక్కుమన్న చప్పుడు, నాలుగడుగులు. కూర్చో అని ఎవరో అన్నారు, పెద్దావిడ. గిన్నె కొబ్బరిపెంకుకి తగిలిన చప్పుడు, నీళ్లు పోసిన చప్పుడు. ఎవరూ మానాసె వైపు రాలేదు. రారు. పొద్దు గూకేదాకా రారేమో, అసలు రారేమో, అది వాళ్ల ఇష్టం, ఆ సంగతి ఇప్పుడు పెద్దగా పట్టలేదు. రెండు పొరల చీకట్లో మెడ వంచి చెవులు రిక్కించాడు. గుటక. ఇంకో గుటక. వాడు నీళ్లు తాగుతున్నాడు. తాగుతూ మధ్యలో ఆగి, ఆ పక్కనున్న ఎవరితోనో, మెల్లగా, ఎవరూ అడక్కుండానే ఏదో చెప్పడం మొదలుపెట్టాడు.

మానాసె వింటున్నాడు.